ఆకాశమున దారిహక్కు

రెండు పట్టణముల నడుమ దూరమెంత యని యడిగినచో, భూగోళపటము చేతనున్న బాలుడు సైతము కొలిచి చెప్పగలడు. ఆ దూరము పోవుటకు విమానమునకు పట్టు కాలమెంత యని యడిగినచో, వేగముచేత దూరమును భాగించి చెప్పును. లెక్కలో తప్పుండదు, అయినను జవాబు తప్పగును. ఏలయన, దూరము ప్రకృతి నిర్ణయించినది. దానిని మార్చుట చక్రవర్తులకును తరము కాదు. ప్రయాణకాలమును మాత్రము నేడు ప్రభుత్వములు నిర్ణయించుచున్నవి. విమానమునకు యంత్రబలము కలదు, ఇంధనము కలదు, చీకటిలోను దారి చూపు సాధనములు కలవు. కాని క్రిందనున్న నేల యెవరిదో వారి సమ్మతి లేనిదే సూటిదారిని పోవు హక్కు దానికి లేదు. ఇందలి మంచిచెడ్డలను విచారింపగోరువారికి ఫిన్లండు రాజధానియగు హెల్సింకికిని, జపాను రాజధానియగు టోకియోకును నడుమ సాగిన విమానప్రయాణ చరిత్రకంటె మంచి యుదాహరణము దొరకదు.

గోడకు వ్రేలాడు పటముమీద హెల్సింకినుండి టోకియోకు బద్ద పెట్టి గీత గీచినచో, ఆ గీత కజకస్థానము, మంగోలియా, చైనాలమీదుగా పోవును. అది బల్లపరుపు పటము చేయు మోసము. గుండ్రని గోళముమీద ఆ రెండు పట్టణములకు దారము బిగించి చూచినచో, అది ఉత్తరమునకు వంగి, ఆర్కిటిక్ వృత్తమును ఒకింత దాటి, సైబీరియా మీదుగా దిగి జపాను చేరును. గణితజ్ఞులు దీనిని మహావృత్తమార్గమందురు. ఈ దారిని దూరము సుమారు 7,800 కిలోమీటర్లు, అనగా ఇంచుమించు 4,850 మైళ్లు. ఇందు మిక్కిలి భాగము రష్యా నేలమీదిదే. ఆ దేశమునకు ఇష్టమైన ఇది దగ్గరిదారి. ఇష్టము లేనినాడు ఇది పటముమీది దారము మాత్రమే.

2022వ సంవత్సరారంభమువరకు ఈ దారి తెఱచియుండెను. హెల్సింకిలో బయలుదేరిన విమానము ఇంచుమించు తొమ్మిదిన్నర గంటలలో టోకియో చేరుచుండెను. రానుపోను పందొమ్మిది గంటలు. దిగుటకును, ఎక్కుటకును, శుభ్రపఱచుటకును, ఇంధనము పోయుటకును మఱికొన్ని గంటలు. అన్నియు గలిపి ఇరువదినాలుగు గంటలకు మించనందున, ఒక్క విమానమే దినమునకొక పర్యాయము పోయి రాగలిగెడిది. జనసంఖ్య అరువది లక్షలైన లేని చిన్నదేశపు రాజధాని, ఐరోపాకును తూర్పు ఆసియాకును నడుమ తలవాకిలి యగుటకు ఈ లెక్కయే కారణము. పారిస్ నుండి, లండన్ నుండి, రోము నుండి ప్రయాణికులు హెల్సింకికి వచ్చి విమానము మారి తూర్పునకు పోయెడివారు. ఫిన్లండువారి ఫిన్నెయిర్ సంస్థ తన వ్యాపారమునంతయు ఈ దగ్గరిదారిమీదనే నిలిపికొనెను.

ఆ యేట ఫిబ్రవరి 24వ తేదీన రష్యా ఉక్రెయినుమీద దండెత్తెను. 27వ తేదీన ఐరోపా సమాఖ్య రష్యా విమానములకు తన గగనతలమును మూసెను. మఱునాడే రష్యా 36 దేశముల విమానములకు తన గగనతలమును మూసినట్లు ప్రకటించెను. అందు ఫిన్లండు ఒకటి. నాటినుండి హెల్సింకి–టోకియో విమానమునకు రెండు చుట్టుదారులే గతియైనవి. ఒకటి ఉత్తరదిశగా నార్వేదాటి, ఉత్తరధ్రువముమీదుగా పోయి, అలాస్కా ప్రక్కను బేరింగు జలసంధిని దాటి, పసిఫిక్ సముద్రముమీదుగా దిగునది. రెండవది దక్షిణదిశగా పోలండు, రుమేనియా, టర్కీ, జార్జియా, అజర్‌బైజాను, మధ్య ఆసియా, చైనా, కొరియాలమీదుగా పోవునది. ముక్కెక్కడున్నదన్న తలచుట్టు చేయి త్రిప్పి చూపినట్లు, ఎటు పోయినను ప్రయాణము ఇంచుమించు పదుమూడు గంటలైనది.

మూడున్నర గంటలు ఎక్కువైన మునిగినదేమి, మఱియొక కునుకు తీసిన సరిపోవును గదా యని కొంద రనవచ్చును. విమానయానమున గంటలన్నియు సమానములు కావు. ధ్రువముమీది దారి సూటిదారికంటె మూడువేల కిలోమీటర్లకు తక్కువగాని యధికదూరము. అంతదూరమునకు ఎక్కువ ఇంధనము కావలెను. ఆ ఇంధనపు బరువును మోయుటకే మఱికొంత ఇంధనము కావలెను. ఇంధనము బరువైనకొలది సరకు తగ్గింపవలెను. ప్రయాణము దీర్ఘమైనకొలది పైలెట్లను అదనముగ కూర్చుకొని, వంతులవారిగ నిద్రపుచ్చవలెను. ధ్రువప్రాంతమున నొక యంత్రము చెడినచో దిగుటకు తగిన విమానాశ్రయములు బహుదూరమున నుండును. కావున మంచున దిగవలసివచ్చినచో ప్రాణము నిలుపు చలివస్త్రములను సైతము వెంట తీసికొని పోవలెను. రానుపోను ఇరువదియాఱు గంటలైనందున, దినమున కొక విమానము చాలిన చోట ఇపుడు చాలదు. ఇన్ని ఖర్చులును తుదకు టికెట్టు కొను ప్రయాణికునిమీదను, సరకు పంపు వర్తకునిమీదను పడవలసినదే.

ఇంతకంటె విచిత్రమైన సంగతి చరిత్రలో నున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము సోవియట్టు ప్రభుత్వము తన యాకాశమును పరదేశీయులకు మూసియుంచినందున, ఐరోపానుండి జపానుకు పోవు విమానములు మనదేశము, బర్మా, సయాము మొదలగు దేశములమీదుగా రోజులతరబడి పోయెడివి. 1957 ఫిబ్రవరి 24వ తేదీన స్కాండినేవియా దేశముల సంస్థ కోపెన్‌హాగెన్ నుండి ఉత్తరధ్రువపు దిక్కుగా అలాస్కాలోని ఆంకరేజి చేరి, అచట ఇంధనము పోసికొని టోకియోకు పోవు దారిని తెఱచెను. అది మొదలు ముప్పది సంవత్సరములు ఆంకరేజి ఐరోపా–జపాను ప్రయాణికులకు మజిలీయైనది. 1983లో ఫిన్నెయిర్ ఒక యడుగు ముందుకు వేసి, డీసీ-10 విమానమునకు అదనపు ఇంధనపు తొట్లు అమర్చి, ధ్రువముమీదుగా ఎచటను ఆగక హెల్సింకినుండి టోకియోకు నడపెను. నాడు పట్టిన కాలము ఇంచుమించు పదుమూడు గంటలు!

పాఠకులు ఈ యంకెను గమనింపవలెను. 1983లో పదుమూడు గంటలు. 2022 మార్చిలో అదే సంస్థ అదే ధ్రువమార్గమున తిరిగి నడపినపుడును పదుమూడు గంటలు. ఈ ముప్పదితొమ్మిది సంవత్సరములలో విమానము మారినది. మూడు యంత్రముల డీసీ-10 పోయి, రెండు యంత్రముల ఏ-350 వచ్చినది. దాని యొడలు ఇనుమును అల్యూమినియమును కాక నారపోగులతో నేసిన తేలికపదార్థము. దారి చూపుటకు ఉపగ్రహములు వచ్చినవి. ఇంజనీర్లు చేయగలిగినదంతయు చేసిరి. అయినను నడుమ మూడు దశాబ్దములు సైబీరియా తలుపు తెఱచియుండుటచే తగ్గిన మూడున్నర గంటలు, ఆ తలుపు మూయగానే ఎక్కడివక్కడకు వచ్చి కూర్చున్నవి. విజ్ఞానశాస్త్రము సంపాదించి పెట్టినదానిని రాజకీయము ఒక్క ప్రకటనతో తుడిచివైచినది.

అట్లైన ఆకాశమెవరిది? 1919లో పారిస్ నగరమున కూడిన రాజ్యములు, ఏ నేలపైని ఆకాశము ఆ నేలయేలు రాజ్యమునకే చెందునని యొప్పుకొనెను. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగో నగరమున చేసిన ఒడంబడిక తన మొదటి ప్రకరణమునందే ప్రతిరాజ్యమునకును తన గగనతలమునందు సంపూర్ణమును, అనన్యమునునగు సార్వభౌమత్వము కలదని చాటినది. ఈ సూత్రమును మేము తప్పు పట్టము. పరులయేలుబడిని అనుభవించిన జాతికి తన నేలమీదను, నేలపైని యాకాశముమీదను తానే యధికారియగుట యెంతటి విలువగలదో ఒకరు చెప్పనక్కఱలేదు. మా వివాదము యాజమాన్యమును గూర్చి కాదు, దారిని గూర్చి.

షికాగోలోనే మఱియొక చిన్న యొడంబడిక కూడ జరిగినది. అందు చేరిన రాజ్యములు ఒకరివిమానముల కొకరు రెండు స్వేచ్ఛల నిచ్చుకొనును: దిగకుండ మీదుగా పోవుట, ప్రయాణికుల నెక్కించుకొనక ఇంధనాదులకు మాత్రము దిగుట. భారతదేశమును, పాకిస్థానమును ఇందు చేరినవి. రష్యా చేరలేదు. కావున సైబీరియా దారి యేనాడును హక్కు కాదు, దయ. ఆ దయకును వెల యుండెడిది. ఐరోపా సంస్థలు సైబీరియామీదుగా పోవుటకై రష్యావారి ఏరోఫ్లోట్ సంస్థకు సంవత్సరము సంవత్సరము కోట్లకొలది యూరోలు చెల్లించెడివి. దారిచూపు సేవకు రుసుము పుచ్చుకొనుట న్యాయమే. కాని షికాగో ఒడంబడిక పదునేనవ ప్రకరణము, కేవలము మీదుగా పోవు హక్కునకై యే రాజ్యమును సుంకము విధింపరాదని స్పష్టముగ చెప్పుచున్నది. అక్షరము చెప్పిన దొకటి, ఆచారము సాగిన దొకటి.

మన పల్లెలలో దారితగాదాలు చూడని ప్లీడరు ఉండడు. ఒకని పొలమునకు పోవు డొంక మఱియొకని గట్టుమీదుగా పోవును. ఇద్దరకు నీటితూముకడ మాట పెరుగును. మఱునాడు డొంకకు ముండ్లకంచె పడును. కోర్టు అడుగు ప్రశ్న, నేల యెవరిది యని కాదు; ఎన్ని యేండ్లుగ, ఏ హక్కున నడచుచున్నారు అని. 1882 నాటి మన ఈజ్మెంటుల చట్టము పదునేనవ సెక్షను ప్రకారము, ఇరువది సంవత్సరములు శాంతముగ, బహిరంగముగ, ఎడతెగక, హక్కుగా నడచిన దారి నడచినవానికి స్థిరపడును. కాని అడిగి, అనుమతి పొంది నడచిన దారికి ఇరువది కాదు, నూరేండ్లైనను హక్కు రాదు. సైబీరియా విషయమున జరిగిన దిదియే. మూడు దశాబ్దములు దినదినము విమానములు నడచినవి, వ్యాపారములు స్థిరపడినవి, పట్టణములు పెరిగినవి. అయినను అంతయు అనుమతిమీదనే జరిగినందున ఒక్కదినముననే అంతయు పోయినది.

పల్లెలోని పొలమునకును ఆకాశమునకును పోలిక పూర్తిగ కుదరదని మేమెఱుగుదుము. రాజ్యము కాపు కాదు; దానిమీద మున్సబు లేడు. అయినను పోలికలో నొక సారము కలదు. పొరుగువారి కోపతాపములకు డొంకను బలిచేయరాదనుట నాగరికుల న్యాయము. కోపము వచ్చినవాడే తీర్పరియైన చోట దారి నిలువదు. ఆకాశమున నేడు లోపించిన దిదియే.

ఇది ఎక్కడనో మంచుదేశపు సంగతి, మనకేల యని తలంపవలదు. ఈ కంచె వేయుటలో మనమును తక్కువ తినలేదు. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరమునుండి జమ్మూకు పోవు గంగా యను మన విమానమును ఇద్దరు బలవంతముగ లాహోరునకు త్రిప్పిరి. రెండు మూడు దినములకు దానిని తగులబెట్టిరి. ఫిబ్రవరి 4వ తేదీన మన ప్రభుత్వము పాకిస్థాను విమానములు భారతదేశముమీదుగా పోవుటను నిషేధించెను. నాటి పాకిస్థానము రెండు ముక్కలు. కరాచికిని ఢాకాకును నడుమ సూటిదూరము ఇంచుమించు 2,370 కిలోమీటర్లు, అదియంతయు దాదాపు మన నేలమీదిదే. నిషేధానంతరము ఆ విమానములు ద్వీపకల్పమును చుట్టి కొలంబోలో ఆగి పోవలసివచ్చెను. దూరము రెండింతలకు చేరువైనది. ఒకే దేశపు రెండు పట్టణముల నడుమ కాలమును మూడవ దేశము నిర్ణయించినది.

నాటి మన ప్రభుత్వమునకు కారణములు లేకపోలేదు. తూర్పు బంగాళమున తరువాత జరిగిన ఘోరములను తలచుకొన్నచో ఆ దారిని మూయుటయే మేలయ్యెనని యనువారును కలరు. మేమిక్కడ ఆ చర్చ చేయము. న్యాయము నడచిన తీరు మాత్రము చూడుడు. పాకిస్థానము అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ కౌన్సిలుకు ఫిర్యాదు చేసెను. వినుటకు కౌన్సిలుకు అధికారమే లేదని మనము వాదించితిమి. ఆ ప్రశ్న హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయెను. 1972 ఆగస్టు 18వ తేదీన, కౌన్సిలుకు అధికారము కలదని తీర్పు వచ్చెను. అప్పటికి కరాచి–ఢాకాలు ఒక దేశపు పట్టణములుగా లేవు. బంగ్లాదేశము పుట్టి ఎనిమిది నెలలైనది. వినవచ్చునా, వినరాదా యను మొదటి మాట తేలుటకే పదునెనిమిది నెలలు పట్టినది. అసలు వ్యాజ్యము తీర్పుదాక పోనేలేదు. ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుట యనగా నిదియే.

ఆ కంచె తరువాత మనకే తగిలినది. 2019 ఫిబ్రవరి తుదిలో పాకిస్థానము మూసిన గగనతలము ఆ జూలై 16వ తేదీవఱకు మనకు తెఱవబడలేదు. 2025 ఏప్రిలులో పహల్గాము హత్యాకాండానంతరము, 24వ తేదీన పాకిస్థానము మన సంస్థల విమానములకు తన యాకాశమును మూసెను. 30వ తేదీన మనము వారి విమానములకు మూసితిమి. నెలకొక పర్యాయము పొడిగింపులు వెలువడుచు ఆ యేడంతయు గడచెను. ఢిల్లీనుండి ఐరోపాకును, అమెరికాకును పోవు మన విమానములు గుజరాతు తీరముదాక దిగి, అరేబియా సముద్రముమీదుగా చుట్టి పోవలసివచ్చెను. అమెరికానుండి వచ్చుచు పోవుచు కొన్ని వియన్నాలో ఆగి ఇంధనము పోసికొనెను. ఢిల్లీ–వాషింగ్టను సర్వీసును ఎయిర్ ఇండియా 2025 సెప్టెంబరు 1నుండి నిలిపివేసెను. విమానముల కొఱతతోపాటు ఈ మూసివేతను గూడ కారణముగ చెప్పెను. అమెరికాలో చదువు పిల్లలును, ఉద్యోగులును గల కుటుంబము నేడు మన తెలుగుజిల్లాలలో లేని వీథి లేదు. తండ్రి జబ్బుపడెనన్న కబురు విని బయలుదేరిన కొడుకునకు మూడు గంటలనగా నేమో మేము వ్రాయనక్కఱలేదు.

పతాకమును బట్టి కాలము మారుటయు ఈ యేర్పాటులోని మఱియొక వింత. 2022 తరువాతను రష్యా తన యాకాశమును చైనా సంస్థలకు తెఱచియే యుంచెను. మన ఎయిర్ ఇండియాకును తెఱచియుంచెను. కావున అవే రెండు పట్టణముల నడుమ ఒక పతాకపు విమానము సూటిగ పోవుచుండగా, మఱియొక పతాకపు విమానము చుట్టుదారి పట్టెను. కాని దయాదత్తమైన దారికి భయమును తోడుండును. 2023 జూన్ 6వ తేదీన ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కో పోవు మన విమానము ఒక యంత్రము చెడి, రష్యా తూర్పుకొననున్న మగదానులో దిగెను. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది, భాష తెలియని చిన్న యూరిలో, పాఠశాలలలోను వసతిగృహములలోను పరుపులమీద తలదాచుకొనిరి. ముంబయినుండి మఱియొక విమానము పోయి వారిని గమ్యము చేర్చువఱకు రెండు దినములు గడచెను. ఊరివారు ఆదరించిరి, కాని యుద్ధకాలపు ఆంక్షలు చుట్టుముట్టిన దేశమున ఒక చిన్న మరమ్మత్తును సైతము దూతలు విచారింపవలసిన రాజకార్యమైనది.

ఇక మాకు ఎదురుగ రాగల వాదములు రెండు. మొదటిది: ఆకాశమును మూయుటయే తప్పా? కాదు, మూయవలసినపుడు మూయకపోవుటయే మహాపాపము. 2014 జూలై 17వ తేదీన ఆంస్టర్‌డాము నుండి కౌలాలంపూరు పోవు మలేషియా విమానము తూర్పు ఉక్రెయినుమీద క్షిపణికి కూలి 298 మంది చనిపోయిరి. నాడక్కడ 32,000 అడుగుల యెత్తువఱకే మూసియుండిరి. ఆ విమానము 33,000 అడుగుల యెత్తున పోవుచుండెను. వేయి అడుగుల తేడాతో మూడువందల ప్రాణములు! యుద్ధభూమిమీది యాకాశమును ముందుగనే, పూర్తిగ మూయవలెను. అది రక్షణకై మూయుట. పౌరవిమానమునకు ఏ యపాయమును లేనిచోట, ఎదుటి ప్రభుత్వమును నొప్పించుటకై మూయుట కక్షకై మూయుట. ఈ రెంటికిని నేడు చట్టమున స్పష్టమైన భేదము లేదు. ఒకే మాటతో, ఒకే ప్రకటనతో రెండును జరుగుచున్నవి. మాకు గల యభ్యంతరము అదియే.

రెండవది: పొరుగుదేశముమీద దండెత్తినవానికి దారి నిచ్చుట ధర్మమా? సైన్యమునకు, ఆయుధమునకు దారి నీయరాదు. ఆ విషయమున సందియము లేదు. దండెత్తిన ప్రభుత్వముతో వ్యాపారము మానుకొనుటయు న్యాయమే; దాని నష్టమును మానుకొన్నవాడును భరించును. ఫిన్లండు ప్రజలు తమ నష్టమును సణుగక భరించుట మెచ్చదగినది. కాని దారిమూత చేయు నష్టము దండయాత్రకు ఆజ్ఞ వేసినవానిమీదకంటె, ఆ దండయాత్రతో సంబంధమేమియు లేని బాటసారిమీదనే యెక్కువగ పడుచున్నది. ఆబోతులు పోట్లాడుకొన్న లేగల కాళ్లు విరిగినట్లు, జపానులోని విద్యార్థియు, హెల్సింకిలోని వర్తకుడును, ఢిల్లీలో ఎదురుచూచు తల్లియు ఈ జరిమానా కట్టుచున్నారు. పైపెచ్చు కాలిన యధిక ఇంధనపు పొగ ఏ పక్షమున చేరినదని విచారింపక అందఱి నెత్తిమీదను వ్యాపించుచున్నది.

ఇది మారనిది కాదు. 1983 సెప్టెంబరు 1వ తేదీన దారి తప్పి సోవియట్టు గగనతలమున ప్రవేశించిన కొరియా ప్రయాణికుల విమానమును యుద్ధవిమానము కూల్చివేసి 269 మందిని బలిగొన్నది. లోకము నివ్వెఱపోయినది. ఆ మఱుసటి మే నెలలోనే, 1984లో, ఎగురుచున్న పౌరవిమానముమీద ఆయుధము ప్రయోగింపరాదని షికాగో ఒడంబడికకు క్రొత్త ప్రకరణము చేర్చిరి. అది అమలులోనికి వచ్చుటకు 1998 దాక పట్టినమాట నిజమే, అయినను వచ్చినది. సార్వభౌమత్వము దానివలన కూలిపోలేదు. తన యాకాశమున ఏమి చేయవచ్చునో దానికి ధర్మము ఒక హద్దు గీచినది, అంతియే. ఆ హద్దును మఱికొంత దూరము జరుపుమనియే మా ప్రార్థన.

ఏమి చేయవలెనో సూటిగ చెప్పెదము. ఒకటి: గగనతలమును మూయు రాజ్యము, అది రక్షణకో, ప్రతీకారమునకో ప్రకటనలోనే కారణము చెప్పవలెను. రెండు: కారణము రక్షణ కానిచో ఆ మూసివేతకు ముప్పది దినముల గడువుండవలెను, ఆపైన పొడిగించుటకు మాంట్రియలులోని కౌన్సిలు ఎదుట కారణములు చూపవలెను. మూడు: కౌన్సిలు గడువులోపల వినవలెను, పదునెనిమిది నెలలకు వచ్చు తీర్పు తీర్పు కాదు. నాలుగు: రోగులను, మందులను, విపత్తుసహాయమును మోయు విమానములకు ఏ మూసివేతయు వర్తింపరాదు. ఐదు: మీదుగా పోవుటకు సుంకము కూడదన్న పదునేనవ ప్రకరణమును అక్షరాల పాటింపవలెను. వీనిలో నొక్కటియు ఏ రాజ్యపు స్వాతంత్ర్యమునకును భంగకరము కాదు. మూయు నధికారము దానిదే. కారణము చెప్పు బాధ్యతయు దానిదే.

ఈ ప్రతిపాదనను ముందుకు తెచ్చు యోగ్యత భారతదేశమునకు మిక్కిలిగ కలదు. ఏలయన కంచె వేసిన యనుభవమును, కంచె తగిలిన యనుభవమును మనకు కలవు. మూయుటవలన కలుగు క్షణికమైన తృప్తియు, మూయించుకొనుటవలన కలుగు దీర్ఘమైన నష్టమును రెండును చవిచూచితిమి. 1971లో కౌన్సిలుకు వినుటకు అధికారము లేదని వాదించిన దేశమే నేడు, ఆ కౌన్సిలు అధికారమును దృఢపఱచుడని కోరినచో, ఆ మాటకు బరువెక్కువ. బలవంతులగు రాజ్యములు వినకపోవచ్చును. అయినను మొదట పలికినవాని మాట పత్రమున నిలుచును. తరువాతివారికి అది యాధారమగును.

హెల్సింకికిని టోకియోకును నడుమ దూరము నాడును నేడును 7,800 కిలోమీటర్లే. గోళము పెరుగలేదు, సముద్రములు విస్తరింపలేదు. పెరిగినది మనుష్యుల యెడబాటు. విమానాశ్రయములందు వ్రేలాడు కాలపట్టికలను ఇకమీద చదువువారు ఆ గంటలను యంత్రవేగముగ మాత్రమే చదువవలదు. పక్షుల కెన్నడును తోచని గట్లను మనుష్యులు ఆకాశమున ఎచ్చటెచ్చట వేసిరో ఆ యంకెలలో వ్రాసియున్నది. నేలమీది గట్టునకు న్యాయస్థానము కలదు. ఆకాశపు గట్టునకు నొక న్యాయస్థానము నిజముగ పనిచేయునట్లు చేయుట ఈ తరమువారి పని.